సవరణ: వాటర్‌షెడ్ డబ్బుల లెక్కలో నేను తప్పు రాశా

మొన్న రాసిన పోస్టులో వాటర్‌షెడ్ పనులకి (అంటే వాననీరు, మట్టి కొట్టుకుపోకుండా ఆపే పనులకి) రూపాయిలో సెంటర్ 90 పైసలు, స్టేట్ 10 పైసలు ఇస్తాయన్నా కదా, అది పాత లెక్కండి, 2015కి ముందుది. ఇప్పుడు మన ఏపీ లాంటి రాష్ట్రాలకి 60:40, ఆ 90:10 ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకే మిగిలింది. అంటే స్టేట్ తన 40 టైముకి కట్టకపోతే పని నత్తనడకే.

ఇంకోటి ఇంకా పెద్ద తప్పు. ఈ పనులకి ఎకరానికి 22 వేల రూపాయలు అని రాసేశా, గుంటూరు నుంచి మా బాబాయ్ ఫోన్ చేసి "ఒరేయ్ ఎకరానికి కాదురా, హెక్టారుకి" అని వాయించాడు. నిజమే, 2021లో మొదలైన ఈ వాటర్‌షెడ్ పథకం కొత్త దశలో మైదాన ప్రాంతాలకి హెక్టారుకి 22 వేలు, కష్టమైన నేలలకి 28 వేలు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, కాబట్టి మైదానాల్లో ఎకరానికి 9 వేల లోపే పడుద్ది. అదీ రైతు ఖాతాలో పడే డబ్బు కాదు, చెక్‌డ్యాములు, గట్లు, ట్రైనింగులు అన్నీ అందులోనే.

బాబాయ్ మిర్చి చేలో పోయిన వానకి గట్టు తెగి నల్లమట్టంతా కిందోళ్ళ చేలోకి పోయింది, ట్రాక్టర్ పెట్టి మళ్ళీ వేయించుకున్నాడు. అందుకే అంత గట్టిగా అరిచాడేమో. పాత పోస్టులో అంకెలు మార్చేశా, షేర్ చేసినోళ్ళు ఇది కూడా పెట్టండి ప్లీజ్.