సర్క్యులర్ నంబర్ 7

విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకి నేను సెక్రటరీని. లిఫ్టు, నీళ్ల మోటారు, వాచ్‌మన్ జీతం, అన్నీ నా శాఖలే. నా పరిపాలనలో చరిత్రకెక్కదగ్గది సర్క్యులర్ నంబర్ 7. "ఎండుచేపలు వేయించువారు కిటికీలు మూసుకొని వేయించవలెను. ఉల్లంఘించినవారిపై తగు చర్య తీసుకొనబడును." తగు చర్య ఏమిటో రాయలేదు. ప్రభుత్వాలు మాత్రం రాస్తాయా?

అది రెండో అంతస్తు పిన్నిగారి కోసమే. ఆవిడ ఒక్కరికే పంపితే బాగోదని అందరికీ పంపాను. నేనూ వన్‌టౌన్‌లో నెత్తళ్లు తిని పెరిగినవాణ్ణే. కానీ ఫ్లాటు కొన్నాక మనిషి ముక్కు సున్నితమైపోతుంది.

మే నెలలో నాకు జ్వరం వచ్చింది. అయిదో రోజున పోతూ పోతూ ఆకలిని కూడా వెంట తీసుకుపోయింది. ఇడ్లీ దూదిలా ఉంది, పెరుగన్నం సున్నంలా ఉంది, నోటికి ఏదీ హితవు కాదు. ఉద్యోగం పోతే నలుగురు పలకరిస్తారు. అదే ఆకలి పోతే ఊరంతా దిగుతుంది. మా ఆవిడ శొంఠిపొడి, మా అత్తగారు మిరియాల చారు, మా వదిన కరివేపాకు కారం. బావమరిది అయితే వీడియో కాల్‌లో కంచం చూపించమన్నాడు.

"ఒక్క ముద్ద తినండి" అంటారు చూశారూ, ఆ ఒక్క ముద్దని తూనికలు కొలతల శాఖవారు అర్జంటుగా తనిఖీ చేయాలి. మా ఇంట్లో అది సోలెడు బియ్యం. కంచం ముందు కూర్చుంటే ఎనిమిది కళ్లు నా చేతి మీదే. అంత కాపలా ఉన్న ఇంట్లోకి దొంగే రాడు, ఆకలెందుకొస్తుంది?

కాస్త చదువుకున్నవాణ్ణి కనుక విషయం శోధించాను. ఆకలేస్తోందని కడుపు మెదడుకి పంపే కబురు పేరు ఘ్రెలిన్. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో పట్టుకున్నారు. మన రాష్ట్రంలో రైతుబజార్లు మొదలైందీ ఆ ఏడాదే. ఆకలీ, వంకాయలూ కలిసే వెలుగులోకి వచ్చాయన్నమాట. ఇంకో సంగతి, రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు చేసే పని. నమ్మకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఇంగువ చారు తాగండి. ఉప్పూ పులుపూ తెలుస్తాయి గానీ ఇంగువ జాడ ఉండదు.

చేపల పులుసు పెడితే తింటానని మా ఆవిడకి ఆశ. అయితే వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ లంగరేసుకున్నాయి. (చేపలకి రెండు నెలలు సెలవిస్తారు, నాకు రెండు పూటలు ఇవ్వరు.) ఐసులో పెట్టిన వంజరం ధర అడిగి మా ఆవిడ బెండకాయలతో తిరిగొచ్చింది.

మర్నాడు పదకొండున్నరకి కరెంటు పోయింది. ఆ ఉక్కకి కిటికీలన్నీ తెరుచుకున్నాయి, రెండో అంతస్తుతో సహా. ముందు ఉల్లిపాయలు వేగిన వాసన. ఆ వెనకే ఎండు నెత్తళ్లు! తలలు తుంచి, ఇసుక పోయేలా మూడు నీళ్లు కడిగి, నూనెలో వేస్తే చిటపటలాడే నెత్తళ్లు. వాటి మీద పుల్ల మామిడికాయ ముక్కలు. ఆ నీచు వాసనకి ట్రైమిథైలమైన్ అని పెద్ద పేరుంది, పులుపు తగిలితే అణుగుతుంది. సర్క్యులర్‌లో ఆ పేరు వేసుంటే ఇంకా దర్జాగా ఉండేది. నోట్లో నీళ్లూరాయి. వారం తర్వాత నా కడుపు గుర్రుమంది.

చర్య తీసుకోవడానికే కిందికి దిగానని మీరు నమ్మాలి. పిన్నిగారు చేతిలో గరిటెతోనే తలుపు తీశారు.

"సెక్రటరీగారా! కరెంట్ నేదు బాబూ, కిటికీ తెరిసీసాను. మూసీమంటారేటి?"

"వద్దొద్దు పిన్నిగారూ."

"ఏటలా సిక్కిపోనారు? అన్నం తింటన్నారా?"

వారం రోజులుగా అందరూ అడిగిన ప్రశ్నే. జవాబు కోసం ఆగనిది ఈవిడొక్కరే. కంచంలో అన్నం పెట్టి, పక్కన నెత్తళ్లూ మామిడికాయా వేసి, గిన్నెలు నా ముందు పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయారు. పులుపు పట్టిన మామిడికాయ ముక్క నాలిక మీద కరిగింది, నెత్తళ్లు పళ్ల కింద కరకరలాడాయి. మూడుసార్లు వడ్డించుకున్నాను. లెక్కపెట్టినవాళ్లు లేరు, నేను తప్ప.

పైకి వెళ్లగానే మా ఆవిడ నా చెయ్యి వాసన చూసింది.

"ఎక్కడికెళ్లారు?"

"తనిఖీకి."

ఆ సాయంత్రమే సర్క్యులర్ నంబర్ 8 జారీ చేశాను. "నంబర్ 7 ఇందుమూలముగా రద్దు చేయడమైనది. వేట నిషేధ కాలమందు ఎండుచేపలు వేయించువారు కిటికీలు విధిగా తెరిచి ఉంచవలెను." అయిదో అంతస్తువారు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. వారికింకా జ్వరం రాలేదు.