స్టేటస్‌లో పెట్టాం కదా, చూడలేదా?

విశాఖలోనే, కంచరపాలెంలో ఉండే మా బాబాయికి గుండెలో స్టెంట్ వేశారని నాకు తెలిసేసరికి, ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి మూడు రోజులైంది. నాకు ఒళ్లు మండింది. నేనుండే ఎంవీపీ కాలనీకీ కంచరపాలేనికీ ఎంత దూరమని? ఒక్క ఫోన్ కొట్టలేకపోయారా? ఆ మాటే అడిగితే పిన్ని నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. "చిన్నోడు స్టేటస్‌లో పెట్టాడు కదరా, చూడలేదా?" అంది.

చూడలేదన్నాను. పక్కనే ఉన్న తమ్ముడు మెల్లగా అందుకున్నాడు. "చూశావన్నయ్యా. ఆ రాత్రి పదకొండున్నరకి చూసినవాళ్లలో నీ పేరుంది. అన్నయ్య చూశాడు, రేపొస్తాడులే అని అమ్మతో కూడా అన్నాను."

అంటే మూడు రోజులు నా కోసం ఎదురుచూసింది వాళ్లు. అలగాల్సింది కూడా వాళ్లే.

తీరిగ్గా కూర్చుని ఆ రాత్రి వాట్సాప్‌లో చూసిన స్టేటస్‌లని గుర్తు తెచ్చుకున్నాను. ఎవరిదో అరకు ప్రయాణం, ఎవరిదో సింహాచలం దర్శనం, మధురవాడలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అమ్మకం, తర్వాత సెలైన్ గుచ్చిన చెయ్యొకటి, దాని కింద రెండు దండాల బొమ్మలు. ఆ చెయ్యి ఎవరిదా అని ఆలోచించేలోపే బొటనవేలు తర్వాతి దానికి జరిగిపోయింది. ఆ చెయ్యి పట్టుకునే చిన్నప్పుడు పూర్ణా మార్కెట్ అంతా తిరిగాను.

కబురు అనే మాటకి మన దగ్గర ఓ మర్యాద ఉంది. కబురు పెడతాం, కబురు పంపుతాం, అందిందా అని అడుగుతాం. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసేవాళ్లు. చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చించేసేవాళ్లు. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఆ టెలిగ్రాం కూడా 2013 జులైలో సెలవు తీసుకుంది. వీటన్నిటిలోనూ ఫలానా మనిషికి ఫలానా సంగతి చేర్చే పూచీ చెప్పేవాడిది. స్టేటస్ ఆ పూచీని తీసుకెళ్లి వినేవాడి నెత్తిన పెట్టింది. వీధి గోడ మీద రాసి పెట్టాం, నువ్వు ఇటుగా రాలేదా అని అడిగినట్టుంటుంది వ్యవహారం. ఆ గోడ కూడా 24 గంటలకి చెరిగిపోతుంది. పోనీ, చూశాడని తెలిసిందే తప్ప పట్టించుకున్నాడో లేదో మా తమ్ముడికి మాత్రం ఏం తెలుసు?

కొత్తగా వస్తున్న ఆన్‌లైన్ సాధనాల మీద నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఏ యాప్ వచ్చినా నేను ముందు చూసేది ఒక్కటే: అవతలివాడు తిరిగి బదులు చెప్పడానికి అందులో చోటుందా? ఏడాదికేడాది ఆ చోటు తగ్గుతోంది. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోల స్టేటస్ 2017లో వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో ఛానెళ్లు వచ్చాయి. అక్కడ ఒకడు చెబుతాడు, లక్షలమంది వింటారు, విన్నవాళ్లు ఓ బొమ్మ వేసి ఊరుకోవాలి. గ్రూపుల్లో అయితే అడ్మిన్లు తప్ప ఎవరూ నోరెత్తకుండా చేసే మీట ఎప్పటినుంచో ఉంది. మేం నీళ్ల ట్యాంకర్ లెక్కలు అడిగిన రోజునే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు దాన్ని నొక్కారు.

ఇదంతా ఒకవైపుకే ఎందుకు ఒరుగుతోందంటే, నాకు తోచే కారణం డబ్బు. 2016 నుంచి వాట్సాప్‌లో మనం మాట్లాడుకునే మాటలకి ఈ చివర తాళం పడి ఆ చివరే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీకి కూడా చదవడం కుదరదు. ఇద్దరు మనుషులు గుసగుసగా మాట్లాడుకుంటుంటే మధ్యలో సబ్బు ప్రకటన దూర్చడం కష్టం, దూర్చినా ఎవరూ ఊరుకోరు. 2014లో ఫేస్‌బుక్ (ఇప్పుడు దాని పేరు మెటా) 1,900 కోట్ల డాలర్లకి బేరం కుదుర్చుకుని కొన్న సరుకు మీద ఏదో ఒకనాటికి రాబడి రావాలి కదా. 2025 జూన్‌లో ప్రకటనలు మొదలుపెడుతున్నామని మెటా చెప్పినప్పుడు వాటిని ఎక్కడ పెట్టిందో చూడండి. మన చాట్‌ల జోలికి రాలేదు. స్టేటస్‌లూ ఛానెళ్లూ ఉండే అప్‌డేట్స్ గదిలో పెట్టింది. మనం కూర్చుని మాట్లాడుకుంటే వాళ్లకి వచ్చేదేం లేదు. పక్క గదిలోకి మాటిమాటికీ తొంగిచూస్తేనే గిట్టుబాటు.

ఈ గాలికి ఎదురీదే మనిషి ఒకావిడ నాకు తెలుసు. పెదజాలారిపేట నుంచి మా వీధికి చేపలు తెస్తుంది. చదువు రాదు. ఆవిడ ఫోన్‌లో నంబర్లకి పేర్లు లేవు, ఫొటోలు ఉన్నాయి. మనవరాలు పెట్టి ఇచ్చిందట. నా నంబరుకి నా మొహం కాకుండా మా ఇంటి నీలం గేటు ఉంటుంది. ఎదురు ఫ్లాట్ ఆయనకి వాళ్ల కుక్క. పొద్దున్నే హార్బర్‌లో సరుకు దిగాక ముందు ఓ ఫొటో వస్తుంది, వెనకే వాయిస్ మెసేజ్. "బాబూ, కోనెం వచ్చింది. ఏటి, ముక్కలు కొట్టించీమన్నారా? బేగి చెప్పండి, అవతల అడుగుతన్నారు." మాట వెనక గాలి హోరు, వేలంపాట కేకలు, ఎవరో ఐసు పెట్టె ఈడ్చుకెళ్తున్న చప్పుడు.

మొదట్లో నేను 'అర కిలో, చిన్న ముక్కలు' అని చక్కగా తెలుగులో టైప్ చేసి పంపేవాణ్ని. రెండోసారికి గేటు దగ్గర నిలదీసింది. "రాసింది నాకెందుకు బాబూ? నోరు లేదేటి?"

2013లో ఈ వాయిస్ మెసేజ్ సదుపాయం వచ్చినప్పుడు నేను నవ్వాను. మాట్లాడాలంటే ఫోన్ చేయొచ్చు, రాయాలంటే రాయొచ్చు, ఈ మధ్యరకం ఏమిటని. పొరపాటు నాదే. ఫోన్ చేస్తే అవతలివాడు ఆ క్షణాన ఖాళీగా ఉండాలి. రాస్తే ఇద్దరికీ చదువుండాలి. ఈ రెండు గొడవలూ లేకుండా, బుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తూ బేరం కుదుర్చుకునే వీలు అంతకుముందు ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. ఇన్నేళ్లలో వచ్చిన కొత్త సాధనాలన్నిటిలో నేను మొదటి పీట దీనికే వేస్తాను.

ఇంకో సంగతి. ఇరవై ఏళ్ల కిందట లేఖిని అనే వెబ్‌సైట్‌లో ఇంగ్లీషు మీటలు కొడుతుంటే పక్కన తెలుగు అక్షరాలు పడటం చూసి మురిసిపోయిన తరం మాది. కంప్యూటర్‌లో తెలుగు రాయడమంటే అదో ఉద్యమం. అయినా ఫోన్ల దాకా వచ్చేసరికి సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకోవడానికే అలవాటుపడ్డారు. 2018 ఫిబ్రవరిలో అయితే, సరిగ్గా మన 'జ్ఞా' అనే అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ వాళ్లు హడావుడిగా మరమ్మతు పంపారు. జ్ఞానం భరించలేక పడిపోయిందని అప్పట్లో ఎన్ని జోకులో! ఇన్ని తిప్పలుపడి మనం తెచ్చుకున్న టైపింగ్ తెలుగు కూడా చాలావరకు పత్రిక తెలుగే. 'ఎక్కడికి వెళ్తున్నావు' అని టైప్ చేసే మా తమ్ముడు వాయిస్‌లో 'ఎక్కడికెల్తన్నావు' అంటాడు. వాడి అసలు భాష అదే. ఉత్తరాంధ్ర యాస అచ్చులో ఎంత కనిపిస్తుందో గానీ, రోజూ ఫోన్ల మధ్య మాత్రం జోరుగా తిరుగుతోంది.

ఈ మధ్యలో వచ్చిపోయిన యాప్‌లకి లెక్క లేదు. 2021 మేలో ఆండ్రాయిడ్ ఫోన్లకి క్లబ్‌హౌస్ వచ్చింది, రాతలు కాదు, గదుల్లో చేరి నోటితో మాట్లాడుకునే యాప్. కోవిడ్ రెండో వేవ్‌లో నిద్రపట్టని రాత్రుళ్లు అక్కడ తెలుగు గదులు తెల్లవార్లూ నడిచేవి. రచ్చబండ మీద కూర్చున్నట్టే, ఒకడి మాట మీద ఒకడు పడటంతో సహా. మన తీరుకి సరిపోయిన సాధనం అది. తలుపులు తెరుచుకుని మనుషులు బయటికి రాగానే వెలవెలబోయింది. ట్విట్టర్‌లా మన భాషల్లో రాసుకోమంటూ 2020లో వచ్చిన 'కూ' యాప్ 2024 జులైలో మూతపడింది. 2023 జులైలో మెటా వాళ్లు థ్రెడ్స్ తెరిచిన ఐదు రోజుల్లో 10 కోట్లమంది చేరారు. నేనూ చేరాను, మళ్లీ వెళ్లలేదు. మాస్టడాన్, బ్లూస్కై ఆలోచన మంచిదే, ఒక్క యజమాని చేతిలో ఉండకూడదని. కానీ మా పిన్ని అక్కడ లేదు. ఎంత మంచి ఇల్లు కట్టినా ఊరికి దూరంగా కడితే పలకరించేవాడుండడు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులకి కోపమొచ్చి అందరం సిగ్నల్ యాప్‌కి మారిపోదాం అనుకున్నాం. ఆ పిలుపు కూడా వాట్సాప్ గ్రూపులోనే వచ్చింది, వారంలో చల్లారింది. 2025లో అరట్టై అనే మెసేజింగ్ యాప్ విషయంలో మళ్లీ అదే ఊపు చూశాం. తమిళంలో పిచ్చాపాటికి ఆ మాట. పేరు మాత్రం బ్రహ్మాండంగా పెట్టారు.

సామాజిక మాధ్యమాలు ఊరిని కాపాడతాయా, కంగారుపెడతాయా అన్న ప్రశ్న విశాఖలో పుస్తకాల ప్రశ్న కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు ఒకరినొకరు లేపుకోవడానికి తలుపులు బాదారు, ఫోన్లు చేశారు. అదే రోజు రాత్రి మళ్లీ లీకైందన్న మాట ఫోన్లలో పాకింది. చుట్టుపక్కలవాళ్లు అర్ధరాత్రి పిల్లల్ని ఎత్తుకుని రోడ్లెక్కారు. రెండూ ఫోన్లు చేసిన పనులే. మొదటిది తెలిసినవాడు తెలిసినవాడికి చెప్పింది. రెండోదానికి చెప్పినవాడెవరో ఎవరికీ తెలియదు.

2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి. మర్నాడు పొద్దున మా చేపలావిడ నుంచి ఫొటో రాలేదు, మాట ఒక్కటే వచ్చింది. "బాబూ, ఇయాల చేపల్లేవు. బోట్లు కాలిపోనాయి." ఆ వెనకాల వేలంపాట లేదు. నా ఫోన్‌లో మిగతా గ్రూపుల్లో అప్పటికే తీర్పు అయిపోయింది. ఒక యూట్యూబర్ బోటులో పార్టీ చేసుకున్నాడని, నిప్పు అక్కడే అంటుకుందని, అతని ఫొటోతో సహా. పోలీసులు అతన్ని పట్టుకెళ్లి ప్రశ్నించారు. చివరికి విచారణలో తేలి అరెస్టయింది వేరే ఇద్దరు. మొదటి రోజు ఆ ఫొటో పంపినవాళ్లలో ఒక్కరైనా రెండో సంగతి పంపారేమోనని నా గ్రూపులన్నీ వెతికాను. లేదు.

తప్పుడు వార్తలకి అడ్డుకట్టగా మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి పంపకుండా 2018లో కట్టడి పెట్టారు. చాలా చేతులు మారిన మెసేజ్‌ అయితే ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్లేలా 2020 ఏప్రిల్‌లో ఇంకా బిగించారు. వేగం తగ్గింది, కాదనను. కానీ ఫార్వర్డ్ అనేది వెనక్కి నడవదు. టీ కొట్టు దగ్గర ఎవడైనా ఇలాంటి మాట అంటే, 'నువ్వు చూశావేటి?' అని పక్కవాడు వెంటనే గదుముతాడు. వాడు నీళ్లు నములుతాడు, మాట అక్కడితో ఆగుతుంది. ఫార్వర్డ్‌ని ఎవరిని పట్టుకుని గదమాలి? పంపినవాడు 'నాకొచ్చింది, పంపాను' అంటాడు. అది అబద్ధమూ కాదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఇదే దారి పట్టింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. కరెంటు బిల్లు నేను అందులోనే కట్టాను, రెండు నిమిషాల పని. ఎండలో క్యూ తప్పించే ఏ సాధనాన్నీ వెక్కిరించే హక్కు నాకు లేదు. అయితే ఇలాంటి మెనూ తనకి తెలిసిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా పేరు పడ్డ ముసలావిడకి అసలు ఏ ప్రశ్న అడగాలో తెలియాలి కదా. క్యూలో అయితే వెనకున్న ముక్కూమొహం తెలియని మనిషి 'ముందా కాయితం తెచ్చుకో అమ్మా' అని చెబుతాడు. మెనూలో వెనక ఎవరూ నిలబడరు.

రేపో మాపో ఈ మాటలన్నీ దాచిపెట్టే పెట్టెలు మన ఊళ్లోనే ఉండొచ్చు. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది. సముద్రం అడుగున కేబుళ్లు కూడా మన తీరానికే వస్తాయట. సంతోషం. ఏది ఎవరికి ముందు కనబడాలో, ఎక్కడ బదులు చెప్పనివ్వాలో తేల్చే గది మాత్రం ఎప్పట్లాగే కాలిఫోర్నియాలో ఉంటుంది.

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న. ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ సైట్‌ని మూసేసి అప్పటికి సరిగ్గా 12 రోజులు. అప్పట్లో దానికి బాధపడుతూ నేను ఏదో రాసుకున్నట్టు కూడా గుర్తు. తుపాను వెలిసేసరికి కరెంటు లేదు, టవర్లు లేవు, ఫోన్‌లో గీతలు లేవు. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, కూలిన చెట్లూ కరెంటు స్తంభాలూ దాటుకుంటూ రెండు గంటలు నడిచి కంచరపాలెం వెళ్లాను. రేకులు ఎగిరిపోయిన వరండాలో బాబాయి నీళ్లు ఎత్తిపోస్తున్నాడు. నన్ను చూసి, "నువ్వు వస్తావని మీ పిన్ని పొద్దుటి నుంచి అంటోంది" అన్నాడు. ఆ రోజు ఎవరూ ఎవరికీ కబురు పెట్టలేదు.

స్టెంట్ గొడవ తర్వాత పిన్ని ఇంట్లో ఓ కట్టుబాటు పెట్టింది. ఆస్పత్రి, చావు, పెళ్లిచూపులు, ఈ మూడూ ఫోన్ చేసి నోటితోనే చెప్పాలి. పోయిన నెల బాబాయి చెకప్‌కి వెళ్లొచ్చిన సాయంత్రం తమ్ముడు మాట ప్రకారం ఫోన్ చేశాడు. రిపోర్టులు బాగున్నాయట, ఉప్పు తగ్గించమన్నారట, ఆయన వినడం లేదట. పది నిమిషాలు మాట్లాడాం. పెట్టేసే ముందు వాడే అన్నాడు: "స్టేటస్‌లో కూడా పెట్టానన్నయ్యా, ఓసారి చూడు."