మహారాజశ్రీ పైలట్ ప్రాజెక్టు గారికి

మారతహళ్లి, బెంగళూరు

అయ్యా, నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాణ్ణే, కానీ కుశలమంతా మీ వైపే ఉంది. కొనేముందు ఊరికే వాడి చూసే ప్రయోగమంటూ, మూడు నెలలు ఉండి పోతానని వచ్చారు. ఇరవై నెలలైంది. కొత్త అల్లుడైనా ఆషాఢం వస్తే కదులుతాడండీ.

మా సంగతి మీకు తెలియనిది కాదు. రెండు గదులు, నలుగురు మనుషులు, ఎస్‌పీ రోడ్డులో బేరమాడి తెచ్చిన విడిభాగాలు. పెద్దవాళ్లు మెడలో వేసుకునే బిళ్ల ఒకటి చేశాం. మనిషి పడిపోతే సెన్సర్ కనిపెట్టి, సిమ్ ద్వారా పిల్లలకు ఫోన్ చేస్తుంది. కదిరిలో తల్లి జారిపడితే వైట్‌ఫీల్డ్‌లో మీటింగ్‌లో ఉన్న కొడుక్కి తెలియాలి కదా.

మొట్టమొదట మా అత్తయ్యకే ఇచ్చాం. వారం తర్వాత అడిగితే "భద్రంగా ఉంది నాయనా, దేవుడి గూట్లో పెట్టాను" అంది. బొట్టు కూడా పెట్టిందట. ఆ తర్వాత వేసుకుంది గానీ స్నానానికి వెళ్తూ తీసేసేది. జారిపడేది అక్కడేనాయె! నీళ్లు దూరకుండా మార్చాం. రాత్రిళ్లు మినుకుమనే ఎర్రలైటు చూసి ఎవరో చూస్తున్నట్టుందంటే అదీ పీకేశాం. ఇంకో పెద్దాయనకు కుర్చీలో ధబాల్న కూలబడే అలవాటు. రోజుకు నాలుగుసార్లు అలారం, అమెరికాలో కూతురికి టెన్షన్. పడడానికీ కూలబడడానికీ తేడా మా బిళ్లకు నేర్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి ఐదు నెలల్లో ఇదంతా నేర్పింది మీరే, కాదనను.

తర్వాతి పదిహేను నెలల సంగతే అడుగుతున్నా. ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు డిశ్చార్జి చేసిన పెద్ద వయసు పేషెంట్ల కోసం నలభై బిళ్లలు ఊరికే తీసుకున్నారు. బ్రహ్మాండం అన్నారు. ఇంకో బ్రాంచిలోనూ పైలట్ చేద్దామన్నారు. తర్వాత మరో బ్రాంచి. రీచార్జి మాది, బ్యాటరీ మాది, పాడైతే బండేసుకుని పరిగెత్తేదీ మేమే.

చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకుంటే 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం. కొంటే కదా! బిల్లే లేనిచోట రోజులెవరు లెక్కపెడతారు? మీ తెలివికి జోహార్లు.

సర్కారును పూర్తిగా తిట్టడానికీ లేదు. వృద్ధుల సేవల స్టార్టప్‌ల కోసమే 2021లో సేజ్ పథకం తెచ్చారు, సంస్థకు కోటి దాకా వాటా పెట్టుబడి. అదే ఏడాది మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో (తొలి పెట్టుబడి నిధి) నమూనాకు 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు. నమూనా చేయడానికి డబ్బు పెట్టారు సరే. చేశాక కొనేవాడేడీ? కొనమని ఎవరినైనా వెళ్లి అడిగితే "ఇంతకుముందు ఎవరికి అమ్మారు?" అంటారు. మీ పేరు చెబుతాం. "అది పైలట్ కదండీ" అంటారు.

అందుకని ఇకమీదట మీకు అద్దె పెడుతున్నాను. గడువు మూడు నెలలు. బిళ్లకు నెలకింత. ఫలానా పని చేస్తే ఇన్ని కొంటామని ముందే సంతకం. సంతకం చెయ్యకపోతే మా బిళ్లలు మేం పట్టుకుపోతాం, మాటల్లేవు. అన్నట్టు, మా అత్తయ్య నెలనెలా రీచార్జి డబ్బు పక్కింటి కుర్రాడి చేత పంపిస్తూనే ఉంది. వద్దన్నా వినదు.

నిన్న ఆసుపత్రి నుంచి మళ్లీ ఫోన్, కొత్త బ్లాకు పేషెంట్లకు ఇంకో ఇరవై కావాలని. కొటేషన్ పంపాను. పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేశారు.

"సార్, పొరపాటున ఇందులో రేటు వేసినట్టున్నారు!"

ఇట్లు,
అద్దె రాని ఇంటి యజమాని