సవరణ: స్ట్రాస్‌బర్గ్ గులాబీలు పచ్చి పూత మీద వేసినవి కావు

ఫ్రెంచ్ ఫయాన్స్ పాత్రల (తగరం కలిపిన తెల్ల పూత వేసిన మట్టిపాత్రల) మీద కిందటి పోస్టులో, రంగులన్నీ ఇంకా కాల్చని ఆ పచ్చి పూత మీదే వేస్తారని ఉంది. ఫ్రాన్స్‌లోని రువాన్, నెవేర్ ఊళ్ల పాత్రల్లో చాలావాటికి అది నిజమే. 18వ శతాబ్దం మధ్యలో స్ట్రాస్‌బర్గ్‌లో పాల్ హనాంగ్ కార్ఖానా చేసిన పూల పళ్లేలకు మాత్రం కాదు.

పాత పద్ధతిలో, ఒకసారి కాల్చిన మట్టిపాత్రను తగరం కలిపిన తెల్ల పూతలో ముంచి, ఆరాక బొమ్మ వేస్తారు. పొడి పూత రంగును ఇట్టే పీల్చేస్తుంది, గీత తప్పితే దిద్దుకునే వీలుండదు. ఆ పనివాళ్ల టెన్షన్ ఊహించుకోవచ్చు! పైగా పూత కరిగే వేడికి తట్టుకునే రంగులు కొన్నే: కోబాల్ట్ నీలం, మాంగనీస్ ఊదా, రాగి ఆకుపచ్చ, ఆంటిమొనీ పసుపు లాంటివి. బంగారం నుంచి తీసే గులాబీ రంగు ఆ వేడికి నిలవదు. అందుకే హనాంగ్ దగ్గర ముందు పూతను కాల్చి, గాజులా గట్టిపడ్డాక ఎనామెల్ రంగులు (తక్కువ వేడికే కరిగే గాజు పొడి కలిపిన రంగులు) వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాల్చేవారు. ఆ రేకుల్లోని సన్నని ఛాయలు అలా వచ్చినవే.

ఇంకొకటి. 1709లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ వెండి సామాను కరిగించడంతో, దాని బదులుగా ఫయాన్స్ పుట్టిందన్నది కూడా సరికాదు. అప్పుడు గిరాకీ పెరిగింది, అంతే. రువాన్‌లో మాసెయో అబాకేన్ అనే కుమ్మరి 1542 నాటికే పారిస్ దగ్గరి ఎకూవాన్ కోటకు ఫయాన్స్ పలకలు చేశాడు.