చెక్క ఊరితే లీకు ఊరుకుంటుంది

చెన్నై కాసిమేడు హార్బర్లో పాత చెక్క లాంచి ఉన్న ప్రతి మహానుభావుడి దగ్గరా ఒక మహావాక్యం ఉంటుంది: "చెక్క ఊరితే లీకు ఊరుకుంటుంది." మా బావ దాన్ని రోజుకి మూడుసార్లు పారాయణ చేస్తాడు. ఆయన లాంచిలో నాకు నాలుగణాల వాటా. అంటే లోపలికొచ్చిన బంగాళాఖాతంలో కూడా నాలుగో వంతు న్యాయంగా నాదే.

ఆ వాక్యం పూర్తిగా అబద్ధమైతే బాధే లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల చేపల వేట నిషేధంలో ఒడ్డెక్కించిన చెక్క ఎండిపోయి పలకల సందులు విచ్చుకుంటాయి. నీళ్లలో దించాక ఒకట్రెండు రోజులు కారి, చెక్క ఉబ్బాక మూసుకుంటాయి. కానీ తుప్పుపట్టిన మేకు ఊరదు కదా! కుళ్లిన పలక ఊరుతుంది, ఊరి చేతిలోకి వస్తుంది. ఆవకాయ మూడో రోజుకి ఊరుతుంది. మా లాంచి దించి ఐదు నెలలైంది, ఇంకా ఊరుతూనే ఉంది.

మరి ఆ 61 రోజులూ ఏం చేశారంటారా? రంగులేశారు. నీటికి పైన రంగు, నీటికి కింద నమ్మకం.

మొన్న ఆదివారం లీకు మూలం కనుక్కోవడానికి మహాసభ జరిగింది. అడుగున చేరిన నీళ్లు సముద్రానివా, చేపల గదిలో కరిగిన ఐసువా అన్నది ప్రశ్న. తేల్చే పద్ధతి, నాలుక. లాంచి నడిపే సరంగు వేలు ముంచి నాకి, "ఉప్పే" అన్నాడు. బావ నాకి, "ఇది చేపల ఉప్పు, సముద్రం ఉప్పు కాదు" అన్నాడు. మెకానిక్ కళ్లు మూసుకుని చప్పరించి డీజిల్ కూడా ఉందని ప్రకటించాడు. మా పెద్దమామయ్య అయితే పెళ్లిలో సాంబారు చూసినట్టు రెండోసారి కూడా తీసుకున్నాడు. నా వంతు వచ్చేసరికి నాకు ఫోన్ వచ్చింది. రాలేదు, వచ్చినట్టు మాట్లాడాను.

చివరికి నేరం షాఫ్టు గ్లాండు మీదకి పోయింది, అంటే ఇంజను నుంచి పంకాకి వెళ్లే ఇరుసు లాంచిని దాటి బయటికెళ్లే చోట నీళ్లాపే బిగింపు మీదకి. "అక్కడ చుక్క పడాలి బామ్మర్దీ, లేకపోతే షాఫ్టు వేడెక్కుద్ది" అన్నాడు బావ. నిజమే, ఇంజను తిరుగుతున్నప్పుడు. అప్పుడు ఇంజను ఆగి ఉంది, పడుతున్నది చుక్క కాదు, ధార.

చేయాల్సింది అందరికీ తెలుసు. ఒడ్డుకెక్కించి, లోపల నీళ్లు పోసి, బయట ఏ సందు చెమ్మగిల్లుతుందో చూడాలి. పలకల సందుల్లో పాత నూలు పీకి కొత్తది దట్టించాలి, తుప్పు మేకులు మార్చాలి. దానికి పని రోజులు పోతాయి. అందుకని లోపలి నుంచి, తడి చెక్క మీద, ఎపాక్సీ జిగురు ముద్ద అద్దారు. వీధిలోంచి తలుపు తోసేవాణ్ణి లోపల స్టిక్కరంటించి ఆపడమన్నమాట. సాయంత్రానికి ముద్ద ఊడి తేలింది. బావ ఏమాత్రం చలించకుండా నీళ్లు తోడే రెండో పంపు బిగించాడు. రెండు పంపులూ తాగేది ఒకే బ్యాటరీ. అది పడుకుంటే ఇంజనూ స్టార్టవదు.

రెండడుగుల లోతున అంగుళం రంధ్రం పడితే నిమిషానికి దాదాపు 60 లీటర్లు లోపలికొస్తాయి. లెక్కేసి చూపిస్తే "నీది పుస్తకాల చదువు" అన్నారు.

ఇంతవరకు నవ్వుకుంటూనే రాశాను. ఇక నావల్ల కాదు. ఆ లాంచిలో మా నెల్లూరు వైపు కుర్రాడొకడున్నాడు, ఇరవై కూడా నిండలేదు. రాత్రి సముద్రం మీద వాడు ఇంజను పక్క బల్ల మీద బోర్లా పడుకుని, ఒక చెయ్యి కిందకి వేలాడేసి నిద్రపోతాడు. నీళ్లు వేళ్లకి తగిలితే లేచి పంపు వేస్తాడు. అదీ మా అలారం! లైఫ్ జాకెట్లు కవర్లు కూడా విప్పకుండా పైన కట్టేసి ఉన్నాయి, మురికవుతాయని. ఒరే, మేకులకి డబ్బుల్లేవా? లాంచిలో పాటల స్పీకర్లకి ఎక్కడివి? ఆ పిల్లాడు ఒక్క రాత్రి అటు తిరిగి పడుకుంటే వాళ్లమ్మకి ఏం చెబుతారు, చెక్క ఊరుతోందనా? నేనూ వాటాదారుణ్ణే, ఆ మాట నాకూ తగులుతుంది, తగలనీ.

నిన్న బావ ఫోన్ చేశాడు. మూడో పంపు కొనాలి, నీ వాటా పంపమని. పంపుతాను, ముందు ఒక్క రాత్రి నువ్వు ఆ బల్ల మీద చెయ్యి వేలాడేసి పడుకో బావా అన్నాను.

"అమ్మో, నాకు సముద్రం పడదు బామ్మర్దీ. వాంతులు" అన్నాడు.