పూటకో మాట చెబితే బండి కొనేదెవరు?

2030 నాటికి దేశంలో అమ్ముడయ్యే వాహనాల్లో 30 శాతం విద్యుత్తువే ఉండాలని కేంద్రం ఇప్పుడు అంటోంది. మంచిదే. కానీ 2017లో ఇదే ప్రభుత్వంలోని మంత్రి 2030 కల్లా కార్లన్నీ విద్యుత్తువే అన్నారు. ఏడాది తిరక్కముందే ఆ మాట వెనక్కి పోయింది. 2013 నాటి జాతీయ విద్యుత్ వాహనాల ప్రణాళిక 2020కి 60 నుంచి 70 లక్షల విద్యుత్, హైబ్రిడ్ బండ్లు రోడ్డెక్కిస్తామంది. ఆ గడువూ దాటిపోయింది. ఎక్కడ తప్పిందో జనానికి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

స్కూటర్ల రాయితీనే చూడండి. 2019లో విద్యుత్ బండ్లకు కేంద్రం రాయితీ ఇచ్చే ఫేమ్-2 పథకం మొదలైనప్పుడు బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు (అంటే ఒక యూనిట్ కరెంటుకు) రూ.10 వేలు ఇచ్చారు. 2021 జూన్‌లో రూ.15 వేలు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ రూ.10 వేలకు దించారు. 2024 ఏప్రిల్‌లో రూ.5 వేలు, 2025 ఏప్రిల్‌లో రూ.2,500 చేశారు. ఆరేళ్లలో నాలుగుసార్లు రేటు మారింది. 2023లో అయితే మే 19న ఉత్తర్వు ఇచ్చి, జూన్ 1 నుంచే అమలు చేశారు. బండి ధరలో 40 శాతం దాకా ఉన్న రాయితీ పరిమితిని అదే దెబ్బతో 15 శాతానికి కోసేశారు. పట్టుమని రెండు వారాల వ్యవధి కూడా లేదు. మేలో లక్ష దాటిన అమ్మకాలు జూన్‌లో సగానికి పైగా పడిపోయాయంటే పడవా మరి?

రాయితీలు ఎల్లకాలం ఇవ్వలేమని అధికారులు అంటారు. నిజమే, ఇవ్వక్కర్లేదు. ఎప్పుడు ఎంత తగ్గిస్తారో ముందే చెప్పమనే మేం అడుగుతున్నాం. చైనా 2020లోనే ఏటా ఎంత తగ్గిస్తుందో చెప్పి, 2022తో రాయితీ ఆపేసింది. కంపెనీలు, కొనేవాళ్లు దానికి తగ్గట్టు సర్దుకున్నారు. మన దగ్గర మాత్రం అప్పు చేసి బండి కొనేవాడు, నెల ఆగితే లాభమా నష్టమా అని టెన్షన్ పడాలి.

రాయితీ గొడవ అలా ఉంచితే, అసలు చార్జింగ్ ఎక్కడ? మూడో అంతస్తులో అద్దెకుండే డెలివరీ కుర్రాడికి కింద ప్లగ్ ఉండదు. రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగి, బరువైన బ్యాటరీని భుజాన వేసుకుని మెట్లెక్కుతాడు. తీయరాని బ్యాటరీ అయితే కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీస్తాడు. ఓనరు కరెంటు బిల్లు చూసి, వైరు పీకమంటాడు. కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం చార్జింగ్‌కు వీలుగా ఉండాలని కేంద్రం 2019లోనే నమూనా నిబంధన రాసింది. అది రాష్ట్రాలు అమలు చేస్తేనే పనికొస్తుంది, పైగా పాత ఇళ్లకు వర్తించదు. బండి మీద జీఎస్టీ 5 శాతం, పబ్లిక్ స్టేషన్లో చార్జింగ్ మీద 18 శాతం. సొంతిల్లు, సొంత పార్కింగ్ ఉన్నవాడు ఇంటి మీటరుతో గట్టెక్కుతాడు. అవి లేని కుర్రాడే ఈ పన్ను కట్టాలి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడాన్ని ప్రణాళిక అంటారా?

ఫేమ్-2 తర్వాత వచ్చిన కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద చార్జింగ్ కేంద్రాలకు రూ.2,000 కోట్లు కేటాయించారు. టూవీలర్లు, ఆటోలకే 48,400 చార్జర్లు పెడతామన్నారు. అవి ఏ ఊళ్లో, ఏ వీధిలో, ఏ నెలలో వస్తాయో వార్డులవారీగా జాబితా ప్రకటించండి. ఆ పని చేయకుండా 2030 గురించి ఇంకో ప్రసంగం చేయొద్దు.