సవరణ: తుక్కు కేంద్రాల్లో గ్లౌజులు, మాస్కుల సంగతి

విశాఖ పొడిచెత్త కేంద్రాల మీద రాసిన పోస్టులో 'పనిలో ఉన్నంతసేపూ గ్లౌజులు, మాస్కు తీయొద్దు' అని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి: చేత్తో ఏరేచోట గ్లౌజులు ఉండాల్సిందే, తిరిగే యంత్రం దగ్గర వద్దు.

చెత్తను మోసుకెళ్లే బెల్టు (కన్వేయర్) రోలర్‌లో గ్లౌజు కొస చిక్కితే చేతినీ లోపలికి లాగేస్తుంది. చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేతులతోనూ అంతే. అసలు ఆ రోలర్లకు కంచె ఉండాలి, ఆపే తాడు చేతికందేలా ఉండాలి. చెత్తను నొక్కి కట్టలు కట్టే బేలింగ్ ప్రెస్‌లో అట్టలు ఇరుక్కుంటే స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. ఎవరూ మళ్లీ ఆన్ చేయకుండా కరెంటు మెయిన్ ఆపేసి దానికి తాళం వేయాలి, తాళంచెవి లోపల చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉండాలి. సూపర్‌వైజరు దగ్గర కాదు!

ఇక మాస్కు. ఎన్95 రకం మాస్కు ధూళిని ఆపుతుంది, వాయువుల్ని ఆపదు. రాగి కోసం పీవీసీ ప్లాస్టిక్ తొడుగున్న వైర్లు కాల్చేచోట వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువుకి అది అడ్డు కాదు. అక్కడ చేయాల్సింది కాల్చడం మానేసి తొడుగు ఒలవడం. పైగా మన ఉక్కపోతకు మాస్కు గంటలో తడిసిపోతుంది, మార్చుకోవడానికి ఇంకోటి ఇవ్వాలి.

'ఇవన్నీ ఎవరు కొనాలి?' అని చాలామంది అడిగారు. పనివాళ్లు కాదు. యూనిఫాం, గ్లౌజులు, బూట్లు, మాస్కులు కేంద్రం నిర్వాహకుడు ఇచ్చేలా చూడాల్సింది స్థానిక సంస్థేనని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాల్లోనే రాశారు.